పొయ్యి లెక్క తేల్చిన రమ్‌ఫర్డ్ ప్రభువు

సంగటి ముద్ద పైకి చల్లారినట్టే కనిపిస్తుంది. వేలు కాస్త లోపలికి పోగానే చుర్రుమంటుంది. అదే పొయ్యి మీదినుంచి అదే వేళకు దించిన చారు అప్పటికే గోరువెచ్చనై ఉంటుంది. ఇది మన ఇళ్లలో పసిపిల్లలకు సైతం తెలిసిన సంగతే అయినా, ఎందుకిలా జరుగుతుందని ఆగి ఆలోచించినవారు అరుదు. రెండు వందల సంవత్సరాలకు పూర్వం జర్మన్ దేశపు బవేరియా రాజ్యంలో ఉన్నతోద్యోగి అయిన ఒక వ్యక్తి చిక్కటి బియ్యపు జావతో నోరు కాల్చుకున్నాడు. కాలిన నోటికి మందు రాసుకొని ఊరకుండక, ఆ వేడి అంతసేపు అందులో ఎలా దాగి ఉందని విచారణకు దిగాడు. ఆయన అసలు పేరు బెంజమిన్ థాంప్సన్. లోకానికి తెలిసిన పేరు కౌంట్ రమ్‌ఫర్డ్. కౌంట్ అన్నది నాటి ఐరోపాలో ఒక ప్రభు బిరుదు.

వంటింటి పొయ్యిని శాస్త్ర విషయంగా స్వీకరించి, కట్టెను తూచి, నీటిని కొలిచి, వేడి ఎటు పోతున్నదో లెక్కగట్టినవారిలో ఆయనది అగ్రస్థానం. అయితే ఆయన సాధుపురుషుడు కాడు. కట్టుకున్న భార్యను విడిచిపోయినవాడు, పుట్టిన గడ్డకు ఎదురు తిరిగినవాడు. ఆయన జీవితాన్ని చెప్పేవారు ఈ రెండు ముఖాలనూ చూపక తప్పదు.

బాల్యం, పలాయనం

బెంజమిన్ థాంప్సన్ 1753 మార్చి 26న ఉత్తర అమెరికాలో, నాడు ఇంగ్లండు ఏలుబడిలో ఉన్న మసాచుసెట్స్ వలసరాజ్యంలోని వోబర్న్ గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. రెండేళ్లు నిండకముందే తండ్రి గతించాడు. తల్లి మరల వివాహం చేసుకున్నది. 13వ ఏట బాలుణ్ణి సేలం రేవుపట్టణంలో ఒక వర్తకుని కొట్లో పనికి కుదిర్చారు. కొట్టు లెక్కలకన్నా యంత్రాలూ, రసాయనాలూ అతనికి ప్రీతి. బాణసంచా తయారుచేయబోయి ఒకసారి ఒళ్లు కాల్చుకున్నాడు. తరువాత ఒక వైద్యుని వద్ద శిష్యరికం చేస్తూనే, మిత్రుడు లోఅమీ బాల్డ్విన్‌తో కూడి మైళ్లకొద్దీ నడిచి హార్వర్డ్ కళాశాలకు వెళ్లి, జాన్ విన్‌త్రాప్ అనే ఆచార్యుని భౌతికశాస్త్ర పాఠాలు విని వచ్చేవాడు. ఆయన పొందిన చదువు ప్రధానంగా ఇంతే.

1772లో న్యూహాంప్‌షైర్‌లోని కంకార్డ్ పట్టణంలో బడిపంతులుగా చేరాడు. ఆ ఊరికి అంతకు మునుపున్న పేరే రమ్‌ఫర్డ్. అదే ఏడు, తనకన్నా పద్నాలుగేళ్లు పెద్దదైన సేరా అనే ధనిక వితంతువును పెండ్లాడాడు. పందొమ్మిదేళ్ల పంతులు ఒక్కరోజులో భూస్వామి అయినాడు. గవర్నరు దృష్టిలో పడి, స్థానిక సైన్యంలో మేజర్ హోదానూ సంపాదించాడు. 1774లో కూతురు పుట్టింది. ఆమెకూ తల్లి పేరే పెట్టారు.

అప్పటికే వలస ప్రజలు ఇంగ్లండు రాజుపై తిరుగుబాటుకు సిద్ధమవుతున్నారు. థాంప్సన్ రాజపక్షపాతి అన్న అనుమానం ఊరంతా పాకింది. 1774లోనే ఒక రాత్రి ఊరివారు గుంపుగా ఇంటి మీదికి వస్తున్నారని తెలిసి, గుర్రమెక్కి పారిపోయాడు. అనుమానం నిరాధారం కాదు. తిరుగుబాటు సైన్యం సమాచారాన్ని కంటికి కనబడని సిరాతో వ్రాసి ఆంగ్ల సేనానికి పంపింది ఆయనేనని తరువాతి చరిత్రకారులు గుర్తించారు. వోబర్న్‌లో కొద్దికాలం భార్యాబిడ్డలు ఆయనతో ఉన్నారు. 1775 చివర ఆంగ్ల సేనతో కలిసిపోయినాక ఆయన మరల భార్య ముఖం చూడలేదు. ఆమె 1792లో మరణించింది. బిడ్డను తిరిగి చూడడానికి ఆయనకు ఇరవై ఏళ్లకు పైగా పట్టింది.

1776లో లండన్ చేరి, వలసరాజ్యాల మంత్రి అయిన లార్డ్ జార్జ్ జెర్మేన్ ప్రాపకం సంపాదించాడు. రాజకీయ చాతుర్యంతో పాటు పరిశోధనాసక్తి కూడా ఆయనను వీడలేదు. తుపాకీమందు బలాన్ని కొలుస్తూ ఒక వింత గమనించాడు. గుండు పెట్టి పేల్చినప్పటికన్నా, గుండు లేకుండా ఉత్తమందు పేల్చినప్పుడే తుపాకీ గొట్టం ఎక్కువ వేడెక్కుతున్నది. ఆ చిక్కుముడి ఆయన మనసులో ఇరవై ఏళ్లు ఉండిపోయింది. 1779లో రాయల్ సొసైటీ సభ్యుడైనాడు.

మధ్యలో ఒక మచ్చ. యుద్ధం ముగింపు దశలో ఆయన ఆంగ్ల పటాలానికి అధిపతిగా అమెరికాకు తిరిగివెళ్లి, 1782లో లాంగ్ ఐలండ్‌లోని హంటింగ్‌టన్ గ్రామంలో మకాం వేశాడు. అక్కడి ప్రార్థనామందిరాన్ని కూల్చి, శ్మశానవాటిక మీదనే కోట కట్టించాడు. సమాధి రాళ్లను పెరికించి సైనికులకు రొట్టెలు కాల్చే పొయ్యిలు పేర్పించాడు. పోయినవారి పేర్లు రొట్టెల అడుగున తలకిందులుగా అచ్చుపడి వచ్చేవని ఆ ఊరివారు తరతరాలు చెప్పుకొన్నారు. వంటకు పొయ్యి ఎలా కట్టాలో లోకానికి నేర్పిన మనిషి చరిత్రలో కనిపించే మొదటి పొయ్యిలు ఇవే కావడం గమనించదగ్గది.

బిచ్చగాండ్రు, గంజి కేంద్రం

1784లో ఇంగ్లండు రాజు ఆయనకు సర్ బిరుదు ఇచ్చాడు. అదే ఏడు బవేరియా పాలకుడు కార్ల్ థియోడర్ కొలువులో చేరాడు. రాజధాని మ్యూనిక్. పదకొండేళ్ల పాటు ఆయన ప్రతిభ వికసించింది అక్కడే. సైన్యాన్ని సంస్కరించాడు. నేటికీ మ్యూనిక్ ప్రజలు విహరించే ఇంగ్లీష్ గార్డెన్ అనే విశాల ఉద్యానానికి 1789లో అంకురార్పణ చేశాడు.

ఆ నగరాన్ని నాడు బిచ్చగాండ్రు చుట్టుముట్టి ఉండేవారు. 1790 జనవరి 1న, ధర్మం చేసే పండుగనాడు, అధికారులనూ సైనికులనూ వీధివీధినా నిలిపి బిచ్చమెత్తేవారిని పట్టించడం మొదలుపెట్టాడు. మొదటి బిచ్చగానిపై స్వయంగా చేయివేశాడు. వారం తిరిగేసరికి 2,600 మంది తేలారు. వారిని చెరలో వేయలేదు. పేర్లు వ్రాసుకొని, మర్నాడు పని గృహానికి రమ్మని పంపారు. అక్కడ వెచ్చని గదులు, నూలు వడికే రాట్నాలు, మధ్యాహ్నం వేడి భోజనం. బీదవారిని ముందు మంచివారిని చేసి తరువాత సుఖపెట్టాలనే నాటి ధర్మకర్తల పద్ధతిని ఆయన తలకిందులు చేశాడు. ముందు కడుపు నింపి, ఒళ్లు వెచ్చబరిస్తే మంచితనం దానంతటదే వస్తుందని నమ్మాడు. ఇందులో దయ ఎంతో, లెక్క కూడా అంతే ఉన్నది. వారు వడికిన నూలు సైనికుల దుస్తులకు పోయేది.

ఆ భోజనమే తరువాత ఐరోపా అంతటా రమ్‌ఫర్డ్ సూపు అనే పేరుతో వ్యాపించింది. బార్లీ గింజలు, బఠాణీలు, నీరు, ఉప్పు, కాస్త పులుపు. ఆపై ఎండు రొట్టె ముక్కలు. వీటిని సన్నని మంట మీద గంటల తరబడి కదుపుతూ ఉడికిస్తే చిక్కటి జావ అవుతుంది. కొంతకాలానికి బంగాళాదుంపలు కూడా చేర్చారు. మన సరిహద్దు పల్లెల్లో ఉర్లగడ్డ లేని పెళ్లి విందు లేదు కానీ, నాటి బవేరియా బీదలకు అది పశువుల మేత. అందుచేత మొదట్లో వంటవారు దుంపలను ఎవరికీ కనబడకుండా గుజ్జుగుజ్జుగా ఉడికించి కలిపేశారు. అందరూ అలవాటు పడ్డాక గాని గుట్టు విప్పలేదు. రొట్టె ముక్కలు చివర్లో వేయడంలో కూడా యుక్తి ఉన్నది. అవి మెత్తబడక నమలవలసి వస్తుంది, నమిలేకొద్దీ భోజనం నింపాదిగా, తృప్తిగా సాగుతుంది.

సూపు విషయంలో ఆయన ఒక పొరపాటు కూడా చేశాడు. అంత తక్కువ గింజతో అంతమంది కడుపు నిండుతున్నదంటే, ఉడికే క్రమంలో నీరే ఆహారంగా మారుతున్నదని భావించాడు. నీటిలో పోషకం లేదని నేడు మనకు తెలుసు. నిండిన కడుపు వేరు, అందిన బలం వేరు. ఇతర నగరాల్లో ఆ సూపును మరింత పలచబరచి పోసినవారిని బీదలు తిట్టుకున్నారంటే వారి తప్పేమీ లేదు.

కట్టె ఎటు పోతున్నది?

వేలమందికి వండవలసి వచ్చినప్పుడు గింజల ఖర్చుతో పాటు కట్టెల ఖర్చు కూడా కళ్లకు కట్టింది. నాటి ఐరోపా వంటిళ్లలో మంట బట్టబయలున మండేది. గోడవారగా పెద్ద మంట వేసి, దాని మీద గొలుసులతో కుండలు వేలాడదీసేవారు. మంటలో చాలా భాగం కుండ చుట్టూరా లేచి పొగగొట్టంలోంచి ఆకాశానికి పోయేది. మిగిలినదానిలో కొంత వంటమనిషి ముఖాన్ని మాడ్చేది. ఒక కెటిల్ నీళ్లు మరిగించడానికి తగలేసే కట్టెతో, తెలిసి వాడితే, యాభై మందికి వంట చేయవచ్చునని రమ్‌ఫర్డ్ లెక్కగట్టాడు.

ఆయన కట్టించిన పొయ్యి వేరు. ఇటుకల దిమ్మెలో ప్రతి పాత్రకూ సరిపడేటట్టు ఒక గుండ్రని గుంట. పాత్ర అందులో మెడదాకా కూర్చుంటుంది. ప్రతి పాత్రకూ అడుగున సొంతంగా చిన్న మంట. కట్టె ఇనుప ఊచల చట్రం మీద మండుతుంది, ఊచల సందుల్లోంచి కిందినుంచి గాలి అందుతుంది, బూడిద కిందికి రాలుతుంది. గాలి వచ్చే ద్వారానికి తలుపు, పొగ పోయే దారికి అడ్డుపలక. ఈ రెంటినీ తెరుస్తూ మూస్తూ మంటను దీపం ఒత్తిలా పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. వేడి పొగ నేరుగా బయటికి పోక, పాత్ర పక్కలను చుట్టివచ్చి, తనలోని వేడిని పాత్రకు అప్పజెప్పి పోతుంది. పాత్రలకు రెండు పొరల మూతలు చేయించాడు. పొరల నడుమ చిక్కిన గాలి వేడిని పోనివ్వదు. ఉన్ని, బొచ్చు, పక్షి ఈకల వంటివి వెచ్చగా ఉంచేది వాటి పోగుల మధ్య కదలక నిలిచిన గాలి వల్లనేనని ఆయన అంతకు ముందే ప్రయోగాలు చేసి చూపాడు. ఉష్ణ పరిశోధనలకు 1792లో రాయల్ సొసైటీ వారి కాప్లీ పతకం వచ్చింది.

ఇటలీ యాత్రలో వెరోనా నగరంలోని రెండు ధర్మాసుపత్రుల వంటిళ్లను ఈ విధంగా తిరిగి కట్టించాడు. అందులో ఒకదానిలో ఎనిమిది పాళ్ల కట్టెలో ఏడు పాళ్లు మిగిలాయని లెక్క తేలింది. లండన్‌లో అనాథ శిశువుల ఆసుపత్రికి కూడా ఇలాంటి వంటిల్లే కట్టించాడు.

ఆయన నొక్కి చెప్పిన మరొక సంగతి ప్రతి ఇల్లాలికీ పనికివచ్చేది. మూత తెరిచిన గిన్నెలో నీరు ఒకసారి తెర్లడం మొదలైతే, ఆపై ఎంత మంట వేసినా అంతకు మించి వేడెక్కదు. ఎక్కువైన వేడి అంతా ఆవిరి రూపంలో పోతుంది. గలగల తెర్లే నీటిలోనూ, మెల్లగా కుతకుతమనే నీటిలోనూ పప్పు ఒకే వేళకు ఉడుకుతుంది. తేడా కట్టెలో మాత్రమే. పొంగు రాగానే కట్టెలు వెనక్కి లాగి, నిప్పుల మీద వదిలే మన పెద్దమ్మలకు ఈ ఉపాయం ఆయన పుట్టకముందే తెలుసు. తెలియనిదల్లా దాని వెనుక ఉన్న లెక్క.

తెర్లే నీటికన్నా తక్కువ వేడిలో కూడా మాంసం ఉడుకుతుందని ఆయనకు అనుకోకుండా తెలిసింది. బంగాళాదుంపలను ఎండబెట్టడానికి చేయించిన పెట్టెలో ఒకసారి గొర్రె జబ్బమాంసం పెట్టి చూశాడు. మూడు గంటలైనా ఉడకలేదు. విసుగుతో వదిలేశాడు. వంట పనివారు దానిని రాత్రంతా అందులోనే ఉంచేశారు. తెల్లవారి చూస్తే అది వెన్నలా మెత్తబడి, రుచిలో మామూలు వంటను మించి ఉన్నది. నేటి పెద్ద హోటళ్లలో తక్కువ వేడిపై గంటల తరబడి వండే పద్ధతికి ఆ పెట్టె పెద్దదిక్కు వంటిది.

కాలిన నోరు చెప్పిన పాఠం

మొదట చెప్పిన జావ కథ ఇక్కడికి వస్తుంది. ఆపిల్ పండ్లు కూరి కాల్చిన వంటకాలు వింతగా చాలాసేపు వేడిగా ఉండడం, వాటితో నోళ్లు కాలడం రమ్‌ఫర్డ్ ఎన్నోసార్లు గమనించాడు. ఒకనాడు భోజనానికి చిక్కటి బియ్యపు జావ వచ్చింది. మరీ వేడిగా ఉన్నదని పక్కన పెట్టి పనిలో మునిగిపోయాడు. చాలాసేపటికి తిరిగివచ్చి పైపైన తీసి నోట పెట్టుకుంటే చల్లగా ఉన్నది. ధైర్యంగా చెంచా లోతుకు దించి తిన్నాడు. నోరు కాలింది.

అంతే కొలతలూ, గాజు గొట్టాలూ బయటికి వచ్చాయి. మరొకసారి, పెద్ద ఉష్ణమాపకంలోని స్పిరిట్ ద్రవం చల్లారుతుండగా కిటికీ వెలుగులో చూస్తే, అందులో చేరిన దుమ్ము కణాలు నడుమ పైకి లేస్తూ, అంచుల వెంట కిందికి దిగుతూ తిరుగుతున్నాయి. ద్రవం కదులుతున్నది! వేడెక్కినది తేలికై లేస్తుంది, చల్లారినది బరువెక్కి దిగుతుంది. ఈ రాకపోకలే వేడిని మోస్తున్నాయి. దీనినే నేటి పాఠ్యపుస్తకాలు ఉష్ణసంవహనం అంటున్నాయి. చారులో ఈ తిరుగుడు ధారాళంగా సాగుతుంది కనుక లోపలి వేడి పైకి వచ్చి గాలిలో కలుస్తుంది. చిక్కటి జావలో, సంగటిలో ద్రవం కదలలేదు. కదలిక లేనిచోట వేడి ఉన్నచోటనే బందీ అయిపోతుంది. చిక్కటి వంటకాన్ని గరిటెతో తిప్పకపోతే అడుగు మాడేదీ ఇందువల్లనే. కింది వేడిని పైకి మోసుకుపోయే ప్రవాహం అక్కడ లేదు. గరిటె ఆ పని చేస్తుంది.

ఆయన మరొక ప్రయోగం చేశాడు. జాడీ అడుగున మంచు గడ్డ కట్టించి, పైన సలసల కాగే నీరు పోశాడు. మంచు కరగడం మహా మెల్లగా సాగింది. అదే మంచు నీటిపై తేలితే ఎనభై రెట్లు వేగంగా కరిగింది. వేడి నీరు పైనే ఉండిపోయి కిందికి దిగకపోవడమే కారణం. పొయ్యి గిన్నె కింద ఎందుకు ఉండాలో ఇంతకన్నా స్పష్టంగా చూపలేము. అయితే ఇక్కడ కూడా ఆయన ఒక అడుగు ఎక్కువ వేశాడు. ద్రవాల ద్వారా వేడి నేరుగా ఏమాత్రం ప్రవహించదని తీర్మానించాడు. కొద్దిగా ప్రవహిస్తుందని తరువాతివారు నిరూపించారు.

పొయ్యి లేకుండా తెర్లిన నీరు

మ్యూనిక్ ఆయుధాగారంలో ఫిరంగులు తొలిచే పని ఆయన పర్యవేక్షణలో సాగేది. ఇత్తడి ఫిరంగి తొలిచేటప్పుడు విపరీతంగా వేడెక్కడం చూశాడు. వేడి అనేది వస్తువుల్లో దాగి ఉండే కంటికి కనబడని ద్రవమని నాటి పండితుల నమ్మకం. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లావోజియే దానికి కెలోరిక్ అని పేరు పెట్టి, 1789లో మూలకాల పట్టికలో చేర్చాడు. ద్రవమే అయితే ఎప్పుడో ఒకప్పుడు అయిపోవాలి కదా అని రమ్‌ఫర్డ్ వాదన.

మొండి ఉలిని ఫిరంగి లోహానికి అదిమిపెట్టి, దాని చుట్టూ కర్ర పెట్టె అమర్చి, సుమారు ఎనిమిదిన్నర లీటర్ల చన్నీరు పోశాడు. గుర్రాలతో ఇరుసును తిప్పించాడు. నీరు మొదట 60 ఫారన్‌హీట్ డిగ్రీలు, అంటే మన లెక్కలో పదిహేనున్నర డిగ్రీలు. రెండున్నర గంటలకు, కింద మంట అన్నది లేకుండానే, ఆ నీరు తెర్లింది. చూడవచ్చినవారు నివ్వెరపోయారు. ఆయన కూడా పసివానిలా పొంగిపోయానని దాచకుండా ఒప్పుకున్నాడు. రుద్దుతున్నంతసేపూ వేడి పుడుతూనే ఉన్నది, తరగలేదు. కనుక వేడి వస్తువు కాదు, ఒక విధమైన కదలిక అని తేల్చాడు. 1798 జనవరిలో ఈ వ్యాసం రాయల్ సొసైటీలో చదివారు. వెంటనే అందరూ ఒప్పుకోలేదు. నలభై, యాభై ఏళ్ల తరువాత జూల్ అనే శాస్త్రజ్ఞుడు ఎంత పనికి ఎంత వేడి పుడుతుందో కచ్చితంగా కొలిచినప్పుడు, రమ్‌ఫర్డ్ గుర్రాల లెక్కను కూడా తిరగేసి చూశాడు. అది సత్యానికి అంత దూరంలో లేదు.

ఆ వ్యాసంలోనే వంటమనిషి బుద్ధి మెరుస్తుంది. ఈ విధంగా వంట చేసుకోవచ్చు గాని లాభం లేదని, గుర్రాలకు వేసే గడ్డినే పొయ్యిలో వేస్తే అంతకన్నా ఎక్కువ వేడి వస్తుందని వ్రాశాడు.

లండన్, పారిస్

అంతకు ముందే ఆయనకు కౌంట్ బిరుదు లభించింది. తనను తరిమిన ఊరి పాత పేరునే, ఏ భావంతోనో, బిరుదుకు ఎంచుకున్నాడు. 1795లో లండన్ వచ్చి, ఇళ్లలో పొగ కమ్మే చలిమంట గూళ్లను ఇరుకుగా, లోతు తక్కువగా మార్చే పద్ధతి చెప్పాడు. పొగ పైకి పోయింది, వేడి గదిలోకి వచ్చింది. సంపన్నులు ఎగబడి తమ ఇళ్లలో కట్టించుకున్నారు. 1796లో కూతురు సేరా అమెరికా నుంచి వచ్చి తండ్రిని చేరింది. అప్పటికి ఆమెకు ఇరవై ఒకటో ఏడు. అదే ఏడు ఉష్ణ పరిశోధనలకు పతకం ఇవ్వమని రాయల్ సొసైటీకి 1,000 పౌన్లు దానమిచ్చాడు. 1802లో ఆ రమ్‌ఫర్డ్ పతకం మొట్టమొదట ఎవరికి దక్కిందయ్యా అంటే, రమ్‌ఫర్డ్‌కే.

1799లో లండన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ స్థాపనకు మూలపురుషుడైనాడు. శాస్త్రాన్ని నిత్యజీవితంలోకి, ముఖ్యంగా బీదల ఇళ్లలోకి తేవాలన్నది ఆయన సంకల్పం. అందులో నమూనా వంటిల్లు కూడా ఏర్పరచాడు. హంఫ్రీ డేవీ అనే యువకుణ్ణి తెచ్చి కొలువిచ్చాడు. డేవీ ఉపన్యాసాలకు గుర్రపుబండ్లలో ధనికులు వచ్చారు. వంటిల్లు వెనుకబడింది. నిర్వాహకులతో పడక రమ్‌ఫర్డ్ 1802లో పారిస్‌కు తరలిపోయాడు. ఆయన ఇటుక పొయ్యిల గతి కూడా దాదాపు ఇంతే. కట్టించే స్తోమత ఉన్న ఆసుపత్రులకూ, పెద్ద ఇళ్లకూ అవి చేరాయి. కట్టెకు నిజంగా వెతుక్కునే గుడిసెలకు చేరినవి తక్కువ. చిన్న కుటుంబానికి సరిపడే చౌక ఇనుప పొయ్యిలు తరువాతి తరం పోతపోసింది.

పారిస్‌లో 1805లో మారీ ఆన్‌ను వివాహమాడాడు. ఆమె మరెవరో కాదు, ఫ్రెంచి విప్లవంలో 1794లో తల కోల్పోయిన లావోజియే భార్య. కెలోరిక్‌ను నిలబెట్టినవాని ఇంటికి, దానిని కూలదోసినవాడు అల్లుకుపోయాడు. సంసారం నిలవలేదు. ఆమెకు విందులూ, అతిథులూ కావాలి, ఆయనకు ఏకాంతం కావాలి. ఒకసారి పిలవని అతిథులు వస్తున్నారని ఆయన గేటుకు తాళం వేయించాడు. ఆమె ఊరకుండక, ఆయన ప్రాణప్రదంగా పెంచుకున్న పూలమొక్కల మీద కాగే నీరు పోసింది. 1809లో విడిపోయారు.

చివరి సంవత్సరాలు పారిస్ శివారులోని ఓతోయ్‌లో గడిపాడు. నునుపు లోహం కన్నా మసి పూసిన పాత్ర త్వరగా వేడి పోగొట్టుకుంటుందని ఆయన ప్రయోగాల్లో తేలింది. ఆ లెక్కన తెల్లని బట్టలు ఒంటి వేడిని నిలుపుతాయని నమ్మి, చలికాలంలో తెల్లని దుస్తులు, తెల్లని టోపీ ధరించి వీధుల్లో నడిచేవాడు. జనం నవ్వేవారు, ఆయన లక్ష్యపెట్టేవాడు కాదు. 1812లో కాఫీ గురించి పెద్ద వ్యాసం వ్రాశాడు. పొడిపై వేడి నీరు పోసి చుక్కచుక్కగా దించాలి, తెర్లించితే సువాసన ఆవిరిలో పోతుందని అందులో వివరించాడు. మన ఇళ్లలోని ఇత్తడి ఫిల్టరు చేసే పనీ అదే. 1814 ఆగస్టు 21న ఓతోయ్‌లోనే కన్నుమూశాడు. అంత్యక్రియలకు వచ్చినవారు కొద్దిమందే. మరణశాసనంలో హార్వర్డ్‌కు ఆచార్యపీఠం నిమిత్తం ధనం వ్రాసి ఉన్నది. పిల్లవాడుగా నడిచి వెళ్లి పాఠాలు విన్న చోటు అది.

ఆయన గుర్తించిన సూత్రాలు మాత్రం మట్టి పొయ్యిలను వదలలేదు. 1950ల తొలినాళ్లలో హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్.పి. రాజు పల్లె ఇళ్ల కోసం పొగరాని పొయ్యిని రూపొందించి, 1953లో దానిపై పుస్తకం వెలువరించారు. అందులోనూ మంట బట్టబయలున ఉండదు. మట్టి దిమ్మెలో వరుసగా పాత్రల గుంటలు, వాటి కిందుగా పొగ దారి, చివర గోడలోంచి బయటికి పోయే గొట్టం. మొదటి గిన్నె విడిచిన వేడిని తరువాతి గిన్నె అందుకుంటుంది, పొగ ఇల్లాలి కళ్లను వదిలి కప్పు పైకి పోతుంది. ఆ పొగతో దగ్గి దగ్గి పెరిగినవారికి గ్యాసుబండ వచ్చాక కూడా ఆ రోజులు గుర్తుంటాయి.

కూతురు సేరా తండ్రి పోయాక చాలా ఏళ్లు ఐరోపాలో తిరిగి, చివరకు తాను పుట్టిన కంకార్డ్‌కే చేరుకున్నది. ఎవరి భయంతో తండ్రి రాత్రికి రాత్రి గుర్రమెక్కాడో ఆ ఊరిలోనే 1852లో అవివాహితగా మరణించింది. తల్లి లేని ఆడపిల్లల ఆశ్రయానికి ఆ ఇంటినీ, ధనాన్నీ వ్రాసి పోయింది.